చింతపండు బ్యాచ్

మన బడి సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు రెండుసార్లు అడిగితే తప్పించుకున్నాను. మూడోసారి మన క్లాసు 'రేడియో'తో అడిగించారు. వాడు మాట్లాడటం ఆపడు కాబట్టి ఒప్పుకున్నాను.

ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చదివామో నాకు గుర్తు లేదు. 1986లో సోషల్ సారు స్టోర్ రూంలోంచి విరిగిన బెంచీలు బయట వేయించి మ్యూజియం పెట్టిన ఏడు మాత్రం ఆ తలుపు కిర్రుమనడంతో సహా గుర్తుంది. "మీ ఇండ్లల్ల మూలకు పడ్డవి తేండ్రి" అన్నారు. కుంచం, సోలెడు, మోట బొక్కెన, గొర్రు, నిజాం కాలం హాలీ సిక్కా నాణేలు తెచ్చాం. గిర్నీ పిల్లగాడి ఇసుర్రాయిని నలుగురం మోశాం. దానికోసం వాళ్ల నాయిన బడికొచ్చిన సంగతి ఇక్కడ రాయను.

మా క్లాసు 'తాసీల్దారు' అమ్మమ్మది గోదావరి ఒడ్డునున్న కోటిలింగాల ఊరు. వాన వెలిశాక అక్కడ ఒడ్డున దొరికిందని వాడొక రాగి బిళ్ల తెచ్చాడు. నిండా పచ్చటి చిలుం. సారు దాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశారు. ఒక పక్క ఏనుగు, చుట్టూ ఏవో గీతలు. అవి బ్రాహ్మీ అక్షరాలట. లెక్కల పీరియడ్ కూడా లాక్కుని శాతవాహనుల గురించి చెప్పారు. వాళ్ల మొదటి రాజు సిముకుడి పేరున్న నాణేలు ఆ కోటిలింగాలలోనే దొరికాయని, శాసనాల పండితుడు పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివారని, ధూళికట్ట బౌద్ధ స్తూపం మనకెంత దగ్గరో అని. "దీన్ని చదివేటోళ్లకు చూపియ్యాలె" అన్నారు.

చూపించేది మెరవాలి కదా! శనివారం సాయంత్రం చింతపండు, బూడిద పెట్టి తోమాను. తళతళలాడింది. ఏనుగు వెనక కాళ్లు మిగిలాయి.

సారు కొట్టలేదు. "రెండు వేల యేండ్ల సంది ఉన్న అక్షరం నీ చింతపండుకు పోయిందిరా" అన్నారంతే. సోమవారం ఆ బిళ్ల కింద ఆయన దస్తూరీతో చీటీ వెలిసింది: "రాగి నాణెం. తోమినది."

ఇవాళ కరీంనగర్‌లో నాకు రెండు స్టీలు సామాన్ల షాపులున్నాయి. పాత ఇత్తడి, రాగి మార్పిడికి తెస్తారు. కరిగించడానికి పోయే ముందు ప్రతి గంగాళం, ప్రతి చెంబు నేనే తిప్పి చూస్తాను. అంచు మీద పేరు చెక్కి ఉంటే పక్కన పెట్టిస్తాను. అలా మ్యూజియానికి ఇప్పటికి నాలుగు ఆటోలు పంపాను. తోమొద్దని షాపు పిల్లలకు ముందే చెప్తాను.

ఇప్పుడు ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా పసుపు దంచడానికి రోలు, రోకలి ఆ మ్యూజియం గదిలోంచే వెళ్తున్నాయి. ఇళ్లల్లో ఇంకెక్కడున్నాయి? మొన్న మా పెద్దబిడ్డ పెళ్లికి (ఎండీ చేస్తోంది, పిలిచినా మీలో సగం మంది రాలేదు) నేనూ వెళ్లి రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. మొదటి పేజీలో సారు రాసిన షరతు ఇంకా ఉంది: "వాడినవి కడిగి ఇవ్వవలెను. తోమరాదు."

అది చదువుతుంటే తాళాలు చూసే కుర్రాడు నన్ను చూసి నవ్వాడు. వాడు పుట్టక ముందటి సంగతి వాడికెవరు చెప్పారు? రేడియో, నువ్వేనా?