కత్రినా అంటే ఏ కత్రినా?

కత్రినా తుపాను అనగానే 2005, నీట మునిగిన న్యూ ఆర్లియన్స్ గుర్తొస్తాయి. కానీ 1981లో క్యూబా మీదుగా వెళ్లిన కత్రినా ఒకటుంది. 1999లో నికరాగ్వాను తాకిన బలహీనమైన కత్రినా ఇంకొకటి. 1998 జనవరిలో కోరల్ సముద్రంలో తిరిగిన కత్రినాకు వీటితో సంబంధమే లేదు, అది ఆస్ట్రేలియా తుపాను పేర్ల జాబితాలోది.

అట్లాంటిక్‌కు ఆరు జాబితాలు, ఒక్కోదాంట్లో 21 పేర్లు. ఈ ఏటి జాబితా మళ్లీ ఆరేళ్లకు వస్తుంది. వాడకుండా మిగిలిన పేర్లు మరుసటి ఏడాదికి జరగవు, ప్రతి సీజనూ ఇంగ్లిష్ 'ఏ' అక్షరంతోనే మొదలు. అందుకే జాబితా మొదట్లో ఉన్న పేర్లకు పని ఎక్కువ: ఆర్లీన్ 1959 నుంచి 2023 దాకా 12 సార్లు వచ్చింది.

ఘోరంగా నష్టపరిచిన తుపాను పేరును ప్రపంచ వాతావరణ సంస్థ కమిటీ పక్కన పెట్టి, అదే అక్షరంతో ఇంకోటి చేరుస్తుంది. కత్రినా పోయి 2011లో కాట్యా, 2017 హార్వీ తర్వాత 2023లో హెరాల్డ్ అలా వచ్చినవే. 1981 నాటి హార్వీ మాత్రం రికార్డుల్లో హార్వీగానే ఉంటుంది.

పశ్చిమ పసిఫిక్ లెక్క వేరు. అక్కడి తుపాను కమిటీలోని 14 సభ్యులు పదేసి చొప్పున ఇచ్చిన 140 పేర్లు, ఏడాది మారినా ఆగిన చోటి నుంచే కొనసాగుతాయి. కాబట్టి పేరు ఎన్నేళ్లకు తిరిగొస్తుందో ముందే చెప్పలేం. పైగా ఫిలిప్పీన్స్ తన పరిధిలోకి వచ్చినవాటికి సొంత పేర్లు పెడుతుంది. 2013 హైయాన్ అక్కడ యోలాండా: తుపాను ఒకటే, పేర్లు రెండు! బంగాళాఖాతం, అరేబియా సముద్రాలకు ఈ బెడద లేదు. 2020లో 13 దేశాల నుంచి తీసుకున్న 169 పేర్లు ఒకసారి వాడితే మళ్లీ రావు.

పేరును బట్టి డేటా పట్టికలు కలిపితే అట్లాంటిక్‌లోని మూడు కత్రినాల దారులూ ఒకే గీతగా వస్తాయి. పేరుకు ఏడాది జోడిస్తే చాలనుకుంటారు, 1954 దగ్గర అదీ బెడిసికొడుతుంది. ఆ జూన్‌లో ఒక ఆలిస్, డిసెంబరు 30న పుట్టిన ఆలిస్ ఇంకొకటి. రెండోదాన్ని 1955 జనవరిలో గుర్తించి ఆ ఏటి జాబితాలోంచి పేరు పెట్టారు, పుట్టింది 1954లోనేనని తర్వాత తేలింది.

గుర్తింపు సంఖ్యనే నమ్ముకోవాలి. 2005 కత్రినాది ఏఎల్122005: అట్లాంటిక్, 12వది, 2005. జాబితాలో కత్రినా 11వ పేరు కదా, 12 ఎలా అయింది? పేరు పెట్టేటంత, అంటే గంటకు 63 కిలోమీటర్ల గాలులకు, చేరని వాయుగుండానికీ అక్కడ నంబరు పడుతుంది. పశ్చిమ పసిఫిక్‌ తుపానులను చూసే టోక్యో కేంద్రం మాత్రం ఆ స్థాయి దాటినవే లెక్కేస్తుంది: హైయాన్ 1330, అంటే 2013లో 30వది.