నీళ్లు నిండిన గది

ఉదయం వాషింగ్ మెషీన్ గొట్టం ఊడిపోయి వంటింటి పక్క వసారా అంతా నీళ్లు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అడుగు వేయగానే కొచ్చి గుర్తొచ్చింది. 2017 జనవరిలో ఫోర్ట్ కొచ్చిలోని ఆస్పిన్‌వాల్ హౌస్‌లో ఇలాగే నీళ్లలోకి దిగాను.

రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన కొచ్చి ముజిరిస్ బినాలే మూడో విడత అది. ఒకప్పుడు మిరియాలు, కొబ్బరినూనె ఎగుమతి చేసిన కంపెనీ గోదాము. అందులో ఒక పెద్ద గదిని సముద్రపు నీటితో నింపాడు చిలీ కవి రౌల్ సురీతా. గోడల మీద ప్రశ్నలు: చూడవా, వినవా అని. నీళ్లను తోసుకుంటూ చివరి గోడ దాకా వెళితే గాలిప్ కుర్దీ కోసం రాసిన మాటలు. 2015లో టర్కీ ఒడ్డుకు కొట్టుకొచ్చిన సిరియా శరణార్థి చిన్నారి అలాన్ ఫొటో లోకమంతా చూసింది. అదే ప్రయాణంలో మునిగిపోయిన వాడి అన్న గాలిప్‌కు ఆ ఫొటో కూడా దక్కలేదు. చిలీలో 1973 సైనిక కుట్ర నాడు సురీతాను ఓడలో బంధించారట. సముద్రం ఆయనకు ఊరికే తట్టిన ఊహ కాదు. చదువుతూ ఎంతసేపు నిలబడ్డానో, బయటికి వచ్చాక కాళ్లు చల్లగా, బరువుగా ఉన్నాయి.

నీళ్లు తోస్తూ ఇదంతా అమ్మాయికి చెప్పాను. “మళ్లీ వెళితే ఆ నీళ్లు ఉంటాయా అమ్మా?” అంది.

ఉండవు. ప్రతి విడతకీ పాత కళాకృతులు తీసేసి కొత్తవి పెడతారు. కానీ నీళ్ల కథ అక్కడ ముందునుంచీ ఉంది. ముజిరిస్ అనే ప్రాచీన రేవు 1341 వరదలో పోయిందని, కొచ్చి రేవు అప్పుడే తెరుచుకుందని అక్కడ చెబుతారు. 2012 డిసెంబరు 12న బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము బినాలే మొదలుపెట్టినప్పుడు ఆ పోయిన రేవు పేరే పెట్టుకున్నారు. ఆ ఏడే కళాకారుడు వివాన్ సుందరం, కేరళలో ‘పట్టణం’ అనే ఊరి తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులనూ మిరియాలనూ పరిచి ముజిరిస్‌ను మళ్లీ నిలిపాడు. 2018 ఆగస్టులో కేరళ మునిగింది. ఆ డిసెంబరులోనే, ఇళ్లు ఇంకా పూర్తిగా ఆరకముందే, నాలుగో విడత తలుపులు తీశారు. అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

2020లో జరగాల్సింది కరోనాతో ఆగి 2022కు వాయిదా పడింది. ఆ తేదీల వరుస చూసినప్పుడల్లా నాకు ముందు కనబడేది ఆ ఖాళీయే. ఆ సంవత్సరాల్లో మేమూ ఎక్కడికీ కదలలేదు, ఇద్దరు దగ్గరివాళ్లను కడసారి చూడలేకపోయాం.

వసారా ఆరేసరికి మధ్యాహ్నమైంది. పడుకోబోయే ముందు అమ్మాయి ఆ బాబు పేరు మళ్లీ అడిగింది. గాలిప్ అని చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుంది.