ఒకే జబ్బు చూసే ఆసుపత్రి

బాబాయికి మోకీలు మార్పిడి ఆపరేషన్ ఎముకల వైద్యం మాత్రమే చేసే ఆసుపత్రిలో జరిగింది. అక్కడి నర్సులు ఏది అడిగినా తడుముకోకుండా జవాబిచ్చారు. రోజూ అవే మోకాళ్లు, అవే పరికరాలు, అవే భయాలు మరి! కానీ రాత్రి ఆయనకు గుండెదడ మొదలైతే చూడటానికి హృద్రోగ నిపుణుడు లేడు. అంబులెన్సులో మరో చోటికి తరలించాల్సి వచ్చింది. ఇప్పుడు హాయిగా నడుస్తున్నారు.

అప్పటినుంచి ఈ పద్ధతి గురించి చదువుతున్నాను. కెనడాలో 1945లో మొదలైన షోల్డైస్ ఆసుపత్రి హెర్నియా (పొట్ట గోడ బలహీనపడి పేగు బయటికి ఉబ్బడం) ఆపరేషన్లకే పేరు. మదురైలో 1976లో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రిలో సర్జన్ ఒక ఆపరేషన్ ముగించేలోపు పక్క బల్లపై మరో రోగి సిద్ధంగా ఉంటారు. సర్జన్ సమయం వృథా కాదు, ఒక్కో ఆపరేషన్ ఖర్చు తగ్గుతుంది, డబ్బు కట్టేవారి వల్ల వచ్చిన మిగులుతో పేదలకు ఉచితంగా చూపు వస్తుంది. నాకు బాగా నచ్చిన లెక్క ఇది.

అయితే "మా ఫలితాలే మేలు" అనే ఇలాంటి ఆసుపత్రుల ప్రకటనలను అంత తేలిగ్గా నమ్మలేను. షోల్డైస్ లావుగా ఉన్నవారిని బరువు తగ్గి రమ్మంటుంది. ఒంట్లో నాలుగు జబ్బులున్న వృద్ధుడు చివరికి చేరేది అన్ని జబ్బులూ చూసే పెద్దాసుపత్రికే. మొండి కేసులన్నీ ఒకచోట పోగైనప్పుడు, రోగుల పరిస్థితిని లెక్కలోకి తీసుకోకుండా మరణాల రేట్లను పోల్చడం అన్యాయం. పైగా లాభం తెచ్చే ఆపరేషన్లన్నీ బయటికి పోతే, రాత్రింబవళ్లు తెరిచి ఉంచాల్సిన అత్యవసర విభాగాన్ని ఆ పెద్దాసుపత్రి దేనితో నడపాలి?