కాకి ఈక, సైకిల్ ప్యాచీ

మన బడి పూర్వ విద్యార్థుల కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు, "విదేశాల్లో నువ్వు సాధించినవి రెండు పేజీలు రాయవే" అని. నాలుగోసారి మన క్లాసులో కాకి అని పిలిచేవాడు చేశాడు కాబట్టి రాస్తున్నా. వాటర్ ట్యాంకు సంగతి మాత్రం రాయను, మన పిల్లలు కూడా చదువుతారు.

నేను వాయించేది హార్ప్సికార్డ్. పియానో అని మా పెద్దమ్మ ఊరంతా చెప్పింది, పోనీలెండి. పియానోలో సుత్తి తీగని కొడుతుంది. దీంట్లో మెట్టు నొక్కితే సన్నటి చెక్కముక్క పైకి లేస్తుంది, దానికి గుచ్చిన ఈక తీగని మీటుతుంది. పాతరోజుల్లో కాకి జాతి పక్షుల ఈకలు వాడేవారు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కే. (కాకీ, నిన్ను కాదు.) గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా దాదాపు ఒకటే చప్పుడు. దీనితో వచ్చిన చిక్కంతా అదే.

ఆ చిక్కు నాకు ఎనిమిదో తరగతిలోనే అలవాటైంది. సంగీతం టీచరుగారి హార్మోనియం గుర్తుందిగా? చిరిగిన తిత్తికి సైకిల్ షాపులో ప్యాచీ వేయించారు. ఎంత ఊపినా సగం గాలి బయటికే. ఆ ఏడు ఆగస్టు 15కి కోలాటం. రిహార్సల్లో కర్రల మోతకి నా హార్మోనియం నాకే వినపడలేదు. టెన్షన్‌లో వేగం పెంచేశాను. గుంపంతా పరుగు, మన చింపిరి చేతిలో కర్ర వెళ్ళి మన పొట్టి నుదుటికి తగిలింది. పొట్టి ఏడుపు రైలుగేటు దాకా వినపడింది.

టీచరుగారు నన్ను తిట్టలేదు. లేపి తీసుకెళ్ళి కోలాటంలో నిలబెట్టారు. నాలుగు రోజులు కర్రలే, హార్మోనియం ముట్టుకోనివ్వలేదు. అయిదో రోజు దాని ముందు కూర్చోబెట్టి, "ఇప్పుడు తెలిసిందా? వాళ్ళ కాలు వంగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నువ్వు ఆగాలి. నొక్కితే పెరగదే పిల్లా, ఆగితే పెరుగుతుంది" అన్నారు. పొట్టి నుదుటి మీద బొప్పితోనే ఆడింది, మనకే మొదటి బహుమతి.

తర్వాత ఇంటర్, సికింద్రాబాద్, పియానో, ఏవేవో ఉద్యోగాలు. తేలింది నెదర్లాండ్స్‌లో, ది హేగ్ రాయల్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో. అక్కడ మా గురువుగారు నెల తిరక్కుండానే నన్ను డాన్స్ క్లాసుకి తోలారు. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన సూట్లలో, అంటే వరసగా వాయించే నాట్య బాణీల్లో, ఉన్న కూరాంట్, సారబాండ్, జీగ్ అన్నీ నాట్యాల పేర్లే కదా, ఆడకుండా ఎలా వాయిస్తావని ఆయన వాదన. 1700లో పారిస్‌లో ఫయ్యే అనే ఆయన అచ్చువేసిన పుస్తకంలో అడుగులన్నీ గీతలుగా ఉంటాయి. దాన్ని చదవడం నేర్చుకున్నాను, ముగ్గు చదివినట్టే. మినుయెట్ అనే నాట్యంలో ఆరు లెక్కలకి నాలుగు అడుగులే. మన దగ్గర తాళానికి పాదం నేలను కొడుతుంది. అక్కడ ముందే మోకాలు వంచి, తాళానికి పైకి లేవాలి. అది ఒంటికి పట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ వంగే క్షణంలో నా చేతులు ఆగడం మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు సగం రోజులు నాట్యానికి వాయిస్తాను, సగం రోజులు నేనే ఆడతాను. ఉట్రెక్ట్ ప్రాచీన సంగీతోత్సవంలోనూ వాయించాను. శ్రుతి ఇప్పటి పియానో కంటే దాదాపు అరస్వరం కింద, 415 హెర్ట్జ్ దగ్గర పెడతాం. హాల్లో వేడి మారితే చాలు, విశ్రాంతి వేళ మళ్ళీ శ్రుతి చేసుకోవాలి. సంపాదన అడక్కండి. రెండు హార్ప్సికార్డులు, వాటిని మోసే వ్యాను ఉన్నాయి, మూడూ అప్పు తీరినవే.

నిరుడు ఒక వీడియో టీచరుగారికి పంపాను. వాళ్ళబ్బాయి ఫోన్లో చూసి, "బాగుందమ్మా, రెండోసారి వాయించినప్పుడు కాస్త పరుగెత్తావు" అన్నారు. నిజమే, పరుగెత్తాను.

జనవరిలో వస్తున్నా. హార్మోనియం ఇంకా స్టోర్ రూంలోనే ఉందట. కాకీ, సొల్యూషన్ ట్యూబు నువ్వు తే. పొట్టీ, కర్రలు నీవి.