పాస్ శాతం వెనక ఏ పిల్లలున్నారు? స్కూల్ రిపోర్ట్ కార్డు చదవడంలో నా అనుభవం

అమెరికాలో ఇల్లు వెతుక్కునే మనవాళ్ళు ముందు అడిగేది గ్రేట్‌స్కూల్స్ లాంటి సైట్‌లో స్కూల్ రేటింగ్ పదికి ఎంత అని. సిటీ మధ్యలో ఉన్న పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్‌కి నాలుగో ఐదో కనబడగానే ఆ పేజీ మూసేస్తారు. నేను ఆ అంకెను ఆఖరున చూస్తాను. అంతకుముందు చేసే పని ఇక్కడ రాస్తున్నాను.

మొదట రాష్ట్ర విద్యాశాఖ సైట్‌లో ఆ స్కూల్ రిపోర్ట్ కార్డు తెరుస్తాను. 2015 నాటి ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్’ ప్రకారం ప్రతి రాష్ట్రమూ దీన్ని అందరికీ కనబడేలా పెట్టాలి. ఏటా రీడింగ్, మ్యాథ్ పరీక్షలు జరిగేది 3 నుంచి 8వ తరగతి వరకు. కాబట్టి కిండర్‌గార్టెన్ నుంచి 5 దాకా ఉన్న స్కూల్‌లో మనకు కనబడే ఫలితాలు 3, 4, 5 తరగతులవే. రెండో తరగతితో ఆగిపోయే స్కూల్‌కి సొంత ఫలితాలే ఉండవు. టెక్సస్‌లో అలాంటి స్కూల్‌కి వేరే స్కూల్ ఫలితాలను జత చేస్తారు. అందుకే ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా ఉందో ముందే రాసుకోవాలి.

తర్వాత అసలు పని. మొత్తం ‘ప్రొఫిషియెంట్’ శాతం, అంటే పాసైనవాళ్ళ శాతం, దగ్గర ఆగకుండా, పిల్లల్ని గ్రూపులుగా విడదీసి చూపే పట్టికలోకి వెళ్ళాలి. ఎందుకో లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే. మొదటి స్కూల్‌లో 100 మంది, వాళ్ళలో 20 మంది తక్కువ ఆదాయం ఇళ్ళ పిల్లలు. మిగతా 80 మందిలో 70 శాతం, ఈ 20 మందిలో 20 శాతం పాసయ్యారు. 56, 4 కలిపితే మొత్తం 60 శాతం. రెండో స్కూల్‌లోనూ 100 మందే, కానీ తక్కువ ఆదాయం ఇళ్ళవాళ్ళు 60 మంది. మిగతా 40 మందిలో 75 శాతం, ఈ 60 మందిలో 35 శాతం పాసయ్యారు. 30, 21 కలిపితే 51 శాతం. రెండు గ్రూపుల్లోనూ రెండో స్కూల్ ఫలితమే మెరుగు, అయినా మొత్తంలో 9 పాయింట్లు వెనకబడింది. మొత్తం శాతం చదువెలా చెబుతున్నారన్నది ఒక్కటే కాదు, ఎవరు చేరారన్నది కూడా చెబుతుంది. సిటీ స్కూళ్ళకు ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే.

తక్కువ ఆదాయం అన్న గడిలోనూ ఒక మెలిక ఉంది. చాలాచోట్ల దాన్ని స్కూల్ భోజన పథకాన్ని బట్టి లెక్కకడతారు. ఆ పథకంలో, కుటుంబ ఆదాయం పేదరికపు గీతకు 130 శాతం లోపుంటే భోజనం ఉచితం, 185 శాతం లోపుంటే తగ్గింపు ధర. కానీ ‘కమ్యూనిటీ ఎలిజిబిలిటీ’ పద్ధతిలో చేరిన స్కూల్‌లో అప్లికేషన్లతో పనిలేకుండా అందరికీ ఉచితంగానే పెడతారు. అలా చేరడానికి ఫుడ్ స్టాంపులవంటి ప్రభుత్వ సాయం పథకాల ద్వారా నేరుగా గుర్తించిన పిల్లలు 25 శాతం ఉంటే చాలు. 2023కి ముందు 40 శాతం కావాల్సి వచ్చేది. అలాంటి స్కూల్‌కి కొన్ని లెక్కల్లో 100 శాతం ఉచిత భోజనం అని పడుతుంది. దాన్ని చూసి పిల్లలంతా పేదవాళ్ళే అనుకోవద్దు. నేరుగా గుర్తించిన పిల్లల శాతం విడిగా ఇస్తే అదే తీసుకుంటాను. ఆదాయపు గడిలో అంకె ఒక్క ఏడాదిలో బాగా మారితే, మారింది పిల్లలా, లెక్కకట్టే పద్ధతా అన్నది ముందు చూస్తాను.

ఇంగ్లిష్ లెర్నర్స్, అంటే ఇంకా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల గ్రూపును మరింత జాగ్రత్తగా చదవాలి. అడ్మిషన్ ఫారంలో ఇంటిభాష తెలుగు అని రాస్తే మన పిల్లలకూ ఇంగ్లిష్ స్క్రీనింగ్ పరీక్ష పెడతారు, దాన్నిబట్టి కొందరు ఈ గ్రూపులోకి వస్తారు. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లలు ఎప్పటికప్పుడు గ్రూపులోంచి బయటికి వెళ్ళిపోతుంటారు, కొత్తగా వచ్చినవాళ్ళు చేరుతుంటారు. అందువల్ల స్కూల్ ఎంత బాగా నేర్పినా ఆ శాతం తక్కువగానే కనబడుతుంది. బయటికి వెళ్ళినవాళ్ళ ఫలితాలు విడిగా ఇస్తే రెండూ కలిపి చూడాలి. ‘ఏషియన్’ గడి కూడా అంతే. ఐటీ ఉద్యోగుల పిల్లలూ, శరణార్థులుగా వచ్చిన బర్మా కుటుంబాల పిల్లలూ ఒకే వరుసలో ఉంటారు. ఆ అంకెను మన పిల్లలకు అన్వయించుకోవడం పొరపాటు.

పట్టికలో అంకె బదులు నక్షత్రం గుర్తు (*) ఉంటే సున్నా అనుకోకండి. కాలిఫోర్నియాలో పరీక్ష రాసినవాళ్ళు 10 మందో అంతకన్నా తక్కువో అయితే, ఎవరి మార్కులో బయటపడకుండా ఫలితం దాచేస్తారు. అంకె ఇచ్చినా గ్రూపు చిన్నదైతే నమ్మడానికి లేదు. 20 మందిలో ఒక్క పిల్లాడు అటూ ఇటూ అయితే 5 పాయింట్లు మారిపోతాయి. అందుకే ఒక్క ఏడాది చాలదు, మూడేళ్ళు పక్కపక్కన పెడతాను. 2020లో ఆ పరీక్షలు రద్దయ్యాయి, 2021లో చాలాచోట్ల రాసినవాళ్ళే తక్కువ. పోల్చడం 2022 నుంచి మొదలుపెడతాను. ఎంతమంది రాశారన్న గడి 95 శాతానికి బాగా తక్కువుంటే ఆ ఏడాదిని పక్కనపెడతాను.

నేను ఎక్కువసేపు కూర్చునేది గ్రోత్ దగ్గర. కొలరాడో లాంటి రాష్ట్రాల్లో, గతంలో అలాంటి మార్కులే తెచ్చుకున్న పిల్లలతో పోల్చి ఈ పిల్లాడు నూటికి ఎంతమందికన్నా ఎక్కువ ముందుకెళ్ళాడో లెక్కకడతారు. స్కూల్ పిల్లల అంకెలన్నిట్లో సరిగ్గా మధ్యలో పడేది మీడియన్, అది 50 దగ్గరుంటే మామూలు. ప్రొఫిషియెంట్ శాతం తక్కువగా ఉండి గ్రోత్ 60 దాటిందంటే ఆ స్కూల్‌లో టీచర్లు గట్టిగా పనిచేస్తున్నారని నేను నమ్ముతాను. అయితే గ్రోత్‌కి పాత మార్కు కావాలి. 3వ తరగతికి అది లేదు కాబట్టి ఎలిమెంటరీలో 4, 5 తరగతులే లెక్కలోకి వస్తాయి. వేరే రాష్ట్రం నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు సాధారణంగా ఇందులో ఉండరు.

దాని పక్కనే హాజరు చూడాలి. బడి రోజుల్లో 10 శాతం, అంటే 180 రోజులకు 18 రోజులు, మానేసిన పిల్లల్ని ‘క్రానిక్ ఆబ్సెంట్’ అంటారు. కారణం జ్వరమైనా ఊరెళ్ళడమైనా లెక్కలో తేడా లేదు. సంక్రాంతికి మూడు వారాలు ఇండియా వెళ్ళొస్తే దాదాపు ఆ 18 రోజులూ అయిపోయినట్టే.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాక అప్పుడు రేటింగ్ తెరుస్తాను. గ్రేట్‌స్కూల్స్‌లో మొత్తం అంకె కింద టెస్ట్ స్కోర్లు, స్టూడెంట్ ప్రోగ్రెస్ లాంటి విడివిడి భాగాలుంటాయి. ప్రోగ్రెస్ భాగం అసలు ఉందా, ఉంటే టెస్ట్ స్కోర్ కన్నా ఎక్కువుందా అని చూస్తాను. రేటింగ్ నాలుగే రావడానికి కారణమేమిటో అక్కడ తెలిసిపోతుంది.