నాలుగో బోరు

పొద్దున ఉగ్గాని తింటాంటే నాయన ఫోన్ చేసినాడు. "పాపా, పాయింట్ చూపించినాం, చింతమాను కాడ అరచేతిలో టెంకాయ లేచి నిలబడింది" అన్నాడు. అంతే, నాకు అర్థమైపోయింది, నాలుగో బోరు. ముందు మూడు వేసినాం, రెండింట్లో ఉత్త దుమ్మే, మూడోదాంట్లో తడిమట్టి వచ్చి ఆశపెట్టి ఆగిపోయింది. వద్దు నాయనా అంటే "ఇంత పెట్టి ఇప్పుడు ఇడిసిపెడితే అదంతా మన్నుపాలే కదా" అంటాడు.

తమాషా ఏమంటే ఈ రోజు క్లాసులో నేను చెప్పాల్సింది డేనియల్ కానెమన్ గురించే. సైకాలజీ మనిషికి 2002లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది కదా, ఆయన. బొమ్మ పడితే నూటయాభై ఇస్తా, బొరుసు పడితే నాకు నూరియ్యాల, ఎవరు ఆడతారు అని అడిగితే వెనక బెంచీ పిల్లోడు ఒక్కడే చెయ్యెత్తినాడు, నేను పర్సులోంచి కాయిన్ తీసేసరికి వాడూ దించేసినాడు. అదేరా లెక్క అన్నా. ఆమోస్ ట్వెర్‌స్కీతో కలిసి 1979లో ఆయన రాసింది ఇదే, వచ్చేదాని సంతోషం కంటే పోయేదాని బాధ మనకు పెద్దది, తర్వాత 1992లో ఇంచుమించు రెండింతలని కూడా లెక్కగట్టినారు.

కానీ నాకు ఇష్టమైన కథ వేరే. ఇజ్రాయెల్‌లో హైస్కూల్ పిల్లలకు నిర్ణయాలు తీసుకోవడం మీద పాఠం తయారుచేసే టీమ్‌లో ఆయన ఉన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందో చీటీల మీద రాయమంటే అందరూ రెండేళ్ళకు అటూ ఇటూగా రాసినారు. ఇట్లాంటి టీమ్‌లు ఇంతకుముందు ఏమైనాయి అని అడిగితే, వాళ్ళలోనే ఉన్న ఆ పని బాగా తెలిసినాయన, నూటికి నలభై టీమ్‌లు మధ్యలోనే ఆగిపోయినాయి, మిగతావాటికి ఏడు నుంచి పదేళ్ళు పట్టింది అన్నాడంట. తమాషా చూడండి, ఆయన చీటీలో కూడా రెండేళ్ళ లెక్కే! అది విని కూడా ఎవరూ లేచి పోలేదు, ఎనిమిదేళ్ళకు పుస్తకం అయింది, ఎవరూ వాడలేదు. చెప్పేది నిర్ణయాల గురించి, చేసేది అది. 2024లో తొంభై ఏళ్ళకు పోయినాడు పాపం, ఈ కథ తన మీద తనే చెప్పుకునేవాడు.

క్లాసులో ఇదంతా దంచి చెప్పినా. బస్సులో నాయనకు ఏం చెప్పాలో కూడా మనసులో రాసుకున్నా, పోయిన మూడూ మర్చిపో, ఇప్పుడు చేతిలో ఉండే డబ్బులు ఒక్కటే చూడు అని.

సాయంత్రం ఫోన్ చేస్తే నాయన గొంతులో అంత హుషారు విని చానా రోజులైంది అనిపించింది. "ఎన్ని అడుగులు పోతారు" అని అడిగినా. "ఆరునూర్లు" అన్నాడు.

ఇరవై వేలు పంపినా. బండి రేపు తెల్లారేసరికి వస్తుందంట.