పది నిమిషాల రగడ

పడుకుందామంటే ఆ మెకానిక్ మాటే చెవిలో మోగుతోంది. "మదర్‌బోర్డు పోయినట్టుంది మేడం, షాపుకి పంపించండి." కంప్యూటర్ మూత కూడా విప్పకుండా అన్న మాట!

జరిగిందల్లా, రాత్రి కరెంటు పోయి వచ్చాక మా ముసలి డెస్క్‌టాప్ 2015 జనవరికి వెళ్లిపోయింది. దాంతో బ్యాంకు సైటూ జీఎస్టీ సైటూ తెరుచుకోలేదు. సైటు అసలైనదేనని చూపే వాటి సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదనుకుంటుంది బ్రౌజర్. రొయ్యల మేత షాపు లెక్కలేమో ఇవాళే పంపాలి. ఇక నా బీపీ సంగతి అడక్కండి. లోపల బిళ్లలా ఒక సెల్లుంటుంది, సీఆర్ 2032 అని. కరెంటు లేనప్పుడు టైమ్ మర్చిపోకుండా చూసేది అదే. అది అయిపోయింది, అంతే. ఈయన ట్రంకు రోడ్డులో కొనుక్కొచ్చి వేసేశారు.

అక్కడితో అయిందా? నెట్ నుంచి టైమ్ తీసుకోమని బటన్ నొక్కితే కుదరదు పొమ్మంది. ఇంట్లో వాడే విండోస్, తేడా 15 గంటలు దాటితే మామూలుగా సర్దుకోదట. బాగా దారి తప్పినదాన్నే కదా దిద్దాల్సింది, ఇదేం న్యాయం అని తిట్టుకున్నాను. తర్వాత అనిపించింది, ఎవడో దొంగ టైమ్ పంపిస్తే గుడ్డిగా నమ్మి పదేళ్లు దూకేయడం మాత్రం బాగుంటుందా? సరే, తేదీ చేత్తో పెట్టాను. వెంటనే కలుపుకుంది.

ఈ కలుపుకునే పద్ధతి, ఎన్‌టీపీ, డేవిడ్ మిల్స్ అనే అమెరికా ప్రొఫెసర్ పుణ్యం. 1985 నుంచీ ఉంది. మనం అడిగిన క్షణం, సర్వర్‌కి అందిన క్షణం, అది జవాబిచ్చిన క్షణం, మనకి చేరిన క్షణం, నాలుగూ చూసుకుని దారిలో పట్టిన ఆలస్యాన్ని తీసేస్తుంది. పోనూ రానూ ఒకే సమయం పడుతుందన్న నమ్మకం మీద!

అల్లూరులో మా తాతయ్యకి సర్వర్ రేడియోనే. వార్తల ముందు వచ్చే కూతల్లో చివరిదానికి చూసుకునేవాడు. గోడ గడియారం వెనకబడితే ముల్లు ముందుకి తిప్పేవాడు. ముందుకి పోతే మాత్రం చచ్చినా వెనక్కి తిప్పేవాడు కాదు, గంటలు కొట్టే యంత్రం చెడిపోతుందని. అద్దం తలుపు తీసి, పెండ్యులాన్ని రెండు వేళ్లతో ఆపి, స్టూలు లాక్కుని, అసలు టైమ్ వచ్చి దాన్ని అందుకునేదాకా కూర్చునేవాడు. ఆ ఇత్తడి పళ్లెం మీద ఆయన వేలిముద్రలు అట్నే ఉండేవి. ఈలోపు కాఫీ చల్లారిపోయేది. "గడియారానికి కాపలా కాసే మనిషిని నాకు కట్టారు" అని వంటింట్లోంచి నానమ్మ.

ఎన్‌టీపీ అసలు ప్రోగ్రామూ అంతే. తేడా 128 మిల్లీసెకన్ల లోపుంటే దూకదు, సెకనుకి అర మిల్లీసెకను మించకుండా నిదానంగా సర్దుకుంటుంది. గడియారం వెనక్కి దూకితే, పదీ అయిదుకి రాసిన పద్దుని పదీ మూడుకి సవరించినట్టు తేలుతుంది. ఆ గోల లెక్కలు రాసేవాళ్లకి తెలుసు.

మా హాల్లో గడియారాన్ని మాత్రం ఎవరూ సర్దలేరు. అత్తయ్య దాన్ని పది నిమిషాలు ముందు పెడతారు, నేను సరిచేస్తే సాయంత్రానికి మళ్లీ ముందుంటుంది. మన దేశం టైమ్ కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది, మన నెల్లూరు 80 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సూర్యుడే మనకి పది నిమిషాలు లేటు, మీ గడియారం ఆయనకంటే ఇరవై నిమిషాలు ముందుంది అని ఇవాళ విడమరిచి చెప్పాను.

"అయితే ఏందమ్మే, కాలేజీ బస్సు సూర్యుణ్ణి చూసి వస్తాదా?" అన్నారు.

చిన్నోడికి ఇంతవరకూ బస్సు తప్పలేదు మరి. సెకన్లతో సహా కరెక్టుగా ఉండే ఫోన్ చూసుకుని బయల్దేరే నేనే, రోజూ ఆటో వెనక పరిగెత్తేది.